మిగిలిన సగం పాట

మా చర్చిలో నెలకు ఒక ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. ప్రసంగం ముగిశాక బల్ల మీది తెల్లగుడ్డ తీసి, రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షారసం పోసిన చిన్న గ్లాసుల ట్రే ఒక్కో వరుసకూ పంపిస్తారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు తమ వంతు తీసుకుని పక్కవాళ్లకు అందిస్తారు. తప్పు చేసినవాళ్లను సంఘం 'బల్ల ఆపుతుంది'. అంటే వాళ్లు చర్చికి రావచ్చు, పాడవచ్చు, కానుక వేయవచ్చు. పళ్లెం వచ్చినప్పుడు మాత్రం తీసుకోకూడదు. అలా ఆగినవాళ్లు సాధారణంగా ఆ ఆదివారం రారు. వచ్చినా వెనక తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంటారు.

ఎలీషమ్మ రెండో వరుసలో కూర్చునేది. అదీ నడవ పక్కనే. పళ్లెం ముందు ఆమె చేతికే వచ్చేది. రెండు చేతులతో అందుకుని, ఒక్క ముక్క తీసుకోకుండా పక్కామెకు ఇచ్చేది. తర్వాత ట్రే వచ్చేది. అదీ అంతే. ఒక్క గ్లాసూ తొణికేది కాదు. కదిలే బస్సులో ఎక్కడా పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టే చేతులవి.

ఆ రసానికి ద్రాక్షపళ్లు తెచ్చేదీ ఆమే. శామీర్‌పేట వైపు డ్యూటీ పడ్డప్పుడు తోట దగ్గర బస్సాపించి గంప ఎక్కించుకునేది. ఇంట్లో ఆమె నాయిన ప్రభుదాసు పళ్లు ఉడికించి, వడకట్టి, సీసాల్లో పోసి బిరడాలు పెట్టేవాడు. ఆమెను బల్ల ఆపాక కూడా గంప ఆగలేదు. ఇంకెవరికైనా అప్పజెప్పమని సంఘ పెద్ద ఒకాయన అంటే, "తోటాయనకు నేనే ఎరుక. మీరు పోతే కాయలిస్తడు, పండ్లియ్యడు" అంది.

ఆమె చేసిన తప్పు ఒకటే. జర్మనీ దేశపు రాక్ బ్యాండు ఒకదాని క్యాసెట్లు వినేది. వాటిని కాల్చేయమంటే కాల్చనంది.

ఇదంతా మొదలైంది ప్రభుదాసు బిస్కెట్ల డబ్బాతో. ఆయన మేడ్చల్లో మిషన్ దవాఖానలో మందులు కట్టి ఇచ్చేవాడు. అక్కడ నర్సుగా పనిచేసిన జర్మనీ సిస్టరమ్మ, ఎనభైల మొదట్లో తన దేశానికి తిరిగిపోతూ, ఆయనకు ఒక టేపురికార్డరూ, బిస్కెట్ల రేకు డబ్బా నిండా క్యాసెట్లూ ఇచ్చి వెళ్లింది. అన్నీ వాళ్ల చర్చి పాటలు. ఆర్గను వాయిద్యం, దాని మీద గుంపుగా పాడే గొంతులు. ఒక క్యాసెట్లో మాత్రం మొదటి వైపు చివర వేరే తీరు పాట ఒకటి ఉంది. ఒక్క గిటారు, ఒక్క మగ గొంతు. మెల్లగా, దూరం నుంచి నడుచుకుంటూ వస్తున్నట్టు ఉండేది. దాన్ని అందులో ఎవరు ఎక్కించారో తెలియదు. ప్రభుదాసుకు ఇంగ్లీషూ జర్మనూ ఒకటే. డబ్బాలో ఉన్నవన్నీ దేవుని పాటలైనప్పుడు ఇదొక్కటి కాకుండా ఎట్లా పోతుందనుకున్నాడు. ఆ స్వరానికి తెలుగు మాటలు కట్టాడు.

'రాళ్లదారిన నడిచొచ్చిన నా కాళ్లు కడుగుము ప్రభువా' అని మొదలవుతుంది. మా సంఘం పాటల పుస్తకంలో ఉంది. ప్రతి కీర్తన పైనా రాగం రాసే చోట, దీనికి 'రాగం: జర్మనీ దేశపు భక్తిగీతం' అని ఉంటుంది. తాను కట్టని దాన్ని తనదని చెప్పుకునే మనిషి కాదు ప్రభుదాసు. మేడ్చల్ చుట్టుపక్కల మా వాళ్లలో ఎవరిని మట్టి చేసినా ఆ పాటే పాడతారు. ఎలీషమ్మ తల్లి పోయినప్పుడూ అదే పాడారు.

ఆ పాటలో ఒక చిత్రం ఉంది. అది ముగిసినట్టు ముగియదు. చివరి చరణం ఎక్కుతూ ఎక్కుతూ వెళ్లి, పైమెట్టు మీద కాలు పెట్టకముందే ఆగిపోతుంది. సిస్టరమ్మ క్యాసెట్లో రీలు అక్కడ అయిపోయింది మరి. పాడేవాళ్లకు ఏదో వెలితిగా ఉండి, ఆ చివర అందరూ కలిసి పొడుగ్గా 'ఆమేన్' అని తగిలించి పాటను కిందికి దించేవాళ్లు. క్రమంగా అది కూడా పాటలో భాగమైపోయింది.

ఎలీషమ్మ ఇంటర్ చదివింది. ఆడవాళ్లను కండక్టర్లుగా తీసుకోవడం మొదలైన కొత్తలో, తొంభై ఆరు తర్వాత, ఉద్యోగంలో చేరింది. ఉద్యోగం మానేస్తే చేసుకుంటామని రెండు సంబంధాలు వచ్చాయి. "నౌకరి నన్నేమన్నదని ఇడిసిపెట్టాలె?" అని పంపించేసింది. మేడ్చల్ నుంచి సికింద్రాబాద్‌కు తిరిగేది. కొంపల్లిలో అప్పటికింకా విల్లాలు లేవు. రోడ్డుకు రెండు పక్కలా పందిళ్ల మీద ద్రాక్షతీగలుండేవి.

సికింద్రాబాద్‌లో బస్సు తిరిగి బయల్దేరేలోపు టీ తాగే చోట ఒక క్యాసెట్ల కొట్టు ఉంది. ఒక మధ్యాహ్నం అక్కడ తన తల్లి మట్టికి పాడిన పాట వినిపించింది. అదే గిటారు. అదే గొంతు. గ్లాసు పట్టుకునే కొట్టు ముందుకు నడిచింది.

"భయ్యా, గీ పాట ఆపకు."

"ఎవరాపుతున్నరమ్మా? నడుస్తనే ఉన్నది గదా" అన్నాడు కొట్టాయన.

పాట ఎక్కుతూ ఎక్కుతూ, ఎప్పుడూ ఆగే చోటికి వచ్చింది. ఎలీషమ్మకు తెలియకుండానే పెదాల మీదికి 'ఆమేన్' వచ్చింది. పాట ఆగలేదు. పైమెట్టు మీద కాలు పెట్టింది. ఒక్కసారిగా డ్రమ్ములు పడ్డాయి. రెండు గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ లేచాయి. అంతసేపూ అణిగిమణిగి పాడిన గొంతు కేకైంది. టీ సగం చేతి మీద ఒలికింది.

"గిదేంది?"

"గిదే అసలు పాట. అంతకుముందు దువ్వుడు. ఇప్పుడు గుద్దుడు" అని నవ్వాడు కొట్టాయన.

వెనక డ్రైవరు జనార్ధన్ హారన్ కొడుతున్నాడు. "ఏమమ్మా కండక్టరమ్మా! బండి నేనే నడపాలె, టికెట్లు నేనే కొట్టాలెనా?"

"కొట్టు! రెండు నిమిషాలాగుతె నీ బండేం ముసల్దయితదా?" అని అరిచి, పాట చివరిదాకా విని, ఆ క్యాసెట్ తీసుకునే బస్సెక్కింది.

బ్యాండు పేరు స్టైన్‌ఫెల్డ్. అట్ట మీద మంచులో పడేసిన ఇనుప గొలుసు బొమ్మ, వెనక భుజాల దాకా జుట్టున్న ఐదుగురు మగవాళ్లు. ఎలీషమ్మ వాళ్లను జర్మనోళ్లు అనేది. ఆల్బముల పేర్లు కూడా పలికేది కాదు. అట్ట మీది బొమ్మతోనే గుర్తు. అది గొలుసు. "ఇది వాళ్ల ఐదోది. ముందర నాలుగున్నయి, ఎనుక ఇంకా మస్తున్నయి" అన్నాడు కొట్టాయన తర్వాతి రోజు. ఆ మాటతో ఆమె లోపల ఒక దారి తెరుచుకుంది. ఒక్క పాటకే తెలియని సగం ఉంటే, ఆ మనుషులకు ఇంకెంత ఉండాలి?

దొరికినవి దొరికినట్టు వినాల్సి వచ్చింది కాబట్టి, వాళ్ల బతుకు ఆమెకు ముందువెనకలుగా తెలిసింది. ఐదోదాని తర్వాత ఎనిమిదోది దొరికింది. అట్ట మీద ఎర్రలారీ. అంతా వేగం, మెరుపు. ఎక్కడా ఊపిరి తీసుకోరు. జనార్ధన్‌కు వినిపిస్తే, "గీళ్లెవలో మన నిజామాబాద్ రోడ్డు మీద లారీ తోలినోళ్లే" అన్నాడు. మొదటిది దొరకడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గర, ఎవరో రికార్డు చేసి పెట్టుకున్న పాత క్యాసెట్ దొరికింది. విని ఆశ్చర్యపోయింది. పొడుగు పొడుగు పాటలు, మధ్యలో పిల్లనగ్రోవి. ఎవరిలాగానో ఉండాలని తంటాలు పడే పిల్లల గొంతులు. రెండోదానిలో గిటారు వాయించేవాడు మారాడు. పేరు చదవక్కర్లేదు, వింటేనే తెలుస్తుంది. మూడోదానిలో ఆ కొత్త మనిషి, పాత మనిషి చోట్లో కూర్చోకుండా తన కుర్చీ తనే వేసుకున్నాడు. నాలుగోదానికి వాళ్లు వాళ్లయ్యారు.

తొంభైలలో వాళ్లు చేసిన ఒకదాన్ని కొట్టాయనే వద్దన్నాడు. అందరికీ నచ్చాలని డ్రమ్ముల బదులు మిషను పెట్టారు, గిటార్లు దాచేశారు. పెళ్లిలో ఆర్కెస్ట్రాలా ఉంటుంది. ఎలీషమ్మ దాన్ని కూడా తెచ్చుకుంది. అన్నిటికన్నా ఎక్కువసార్లు దాన్నే వినేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"తొవ్వ తప్పినప్పుడు మనిషెట్లున్నడో సూడాలె గదా. బాగున్నప్పుడు అందరు సూత్తరు" అంది. "గా తర్వాత మళ్ల సక్కగ కొట్టిండ్రు. గిది వినకుంటె గా తర్వాతది ఏం సమజైతది?"

ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. ఏ పాటనూ దాటించేది కాదు. కొత్త క్యాసెట్ తెచ్చాక మొదటి వైపు బాగా తెలిసేదాకా రెండో వైపు తిప్పేది కాదు. ఇంగ్లీషు మాటలు కొన్ని తెలిసేవి. మిగతావి నిఘంటువు పెట్టుకుని కూడబలుక్కునేది. తన నాయిన దేవుని పాటనుకున్నది, మూతపడ్డ బొగ్గుగని నుంచి ఇంటికి నడిచివెళ్లే కూలివాడి పాటని అలాగే తెలుసుకుంది. దేవుడు లేడు. నడక మాత్రం ఉంది. ప్రభుదాసు మాటల్లో కూడా నడకే ఉంది. ఆ సంగతికి ఆమె చాలా రోజులు లోపల్లోపల ఆశ్చర్యపోయింది.

నాయినకు మాత్రం చెప్పలేదు. మిగతా క్యాసెట్లు ఇంట్లో పైకే పెట్టుకుని వినేది. గొలుసు ఒక్కటీ ఇయర్‌ఫోన్లు పెట్టుకునే వినేది. విన్నాక దాన్ని బిస్కెట్ల డబ్బాలో దాచేది. సిస్టరమ్మ క్యాసెట్లు సాగిపోయి, తెగిపోయి, ఆ డబ్బా జోలికి ఎవరూ పోవడం మానేశారు.

రెండువేల రెండులో మాకు కొత్త పాస్టరుగా ఆశీర్వాదం గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి. చెడ్డవారు కాదు. జ్వరమొచ్చిన ఇంటికి వానలో సైకిలేసుకుని వచ్చేవారు. అయితే లోకసంగీతం మీద ఆయనకు పట్టరాని కోపం. యువకులంతా సినిమా పాటల క్యాసెట్లు తెచ్చి చర్చి వెనక మంటలో వేసి, సంఘం ముందు లేచి తమ మార్పు గురించి సాక్ష్యం చెప్పాలన్నారు. చాలామంది వేశారు. ఎలీషమ్మ ఇంటి నుంచి వచ్చే గిటార్ల మోత సంగతి ఎవరో చెబితే, ఆయనే ఇంటికి వచ్చారు. ఆమె టీ పెట్టి ఇచ్చింది. ఆయన ఒక క్యాసెట్ అట్ట తిప్పి చూశారు.

"ఏంటమ్మా ఈ బొమ్మలు? ఈ మనుషుల్ని చూస్తే నీకు భయమెయ్యట్లేదా?"

"ఎందుకయ్యగారూ? మా డిపోల డ్యూటీ దిగినోళ్లు గిట్లనే ఉంటరు."

"నవ్వులాట కాదమ్మా. ఇది ఆత్మకు విషం. శనివారం తెచ్చి మంటలో వెయ్యి. లేచి రెండు మాటలు సాక్ష్యం చెప్పు. అంతటితో అయిపోద్ది."

"మీరు ఒక్క పాటన్న విన్నరా?"

"విషమా కాదా అని తాగి చూస్తామా?"

"తాగరు. సీస మీద ఏం రాసున్నదో సూత్తరు గదా. మా నాయిన బతుకంత గదే పని జేసిండు."

మంచం మీద కూర్చున్న ప్రభుదాసు తలెత్తలేదు. "అయ్యగారు చెప్పినట్టిను బిడ్డా. క్యాసెట్లేంది, పోతె పోయినయి" అన్నాడు.

"ఇనను నాయినా. గీ ఒక్క మాట ఇనను."

ఆశీర్వాదం గారు టీ తాగకుండానే లేచారు. తర్వాతి నెల ఆమెను బల్ల ఆపారు.

ఒక్క మాటంటే అది అప్పటికప్పుడు తేలిపోయేది. 'అయ్యగారూ, మీరు పోయిన వారం మట్టిలో పాడించిన పాట ఈ బ్యాండుదే' అంటే చాలు. ఆ ఒక్క మాటా ఆమె అనలేదు. ఆ సంగతి తెలిసిన వాడు జనార్ధన్ ఒక్కడే.

"చెప్పేయరాదు? ఆయిన మొకం సూడాలె గప్పుడు" అని రెచ్చగొట్టేవాడు.

"చెప్తె పాట ఆపుతరు. నన్నాపిండ్రు, సరే. మా నాయిన పాటనెందుకు ఆపాలె?"

"అయితె క్యాసెట్లు కాల్చేయ్. మళ్ల కొనుక్కో, ఎవలకెరుక?"

"నాకెరుక గాదా?" అని విజిల్ ఊదింది.

అలా ఏళ్లు గడిచాయి. కొంపల్లిలో ద్రాక్షపందిళ్లు తీసేసి ప్లాట్లకు హద్దురాళ్లు పాతారు. ప్రతి నెలా ఆమె రెండో వరుసలో కూర్చుని, తాను తెచ్చిన పళ్ల రసాన్ని తాను తాగకుండా పక్కకు అందించింది. కొందరు ఆమె పక్కన కూర్చోవడం మానేశారు. సిద్దమ్మ అవ్వ మాత్రం ఆమె పక్కనే కూర్చునేది. అవ్వకు డెబ్భై దాటాయి, పళ్లు లేవు. రొట్టె ముక్కను రసంలో నానబెట్టుకుంటూ, "తినేటిదానికి ఇయ్యరు, పండ్లు లేనిదానికిత్తరు. గిదేం నాయమో" అని పక్కవాళ్లకు వినబడేలా గొణిగేది.

రెండువేల ఆరులో ప్రభుదాసుకు కంటికి ఆపరేషన్ అయింది. ఆ కంటికి కట్టు, రెండో కన్ను ముందే మసక. ఇంట్లో ఒక్కడే ఉండి తోచక, సిస్టరమ్మ క్యాసెట్లలో ఏదైనా ఇంకా పలుకుతుందేమోనని తడుముకుంటూ బిస్కెట్ల డబ్బా తీశాడు. ఒక్కోటీ పెట్టి చూశాడు. కొన్ని గురగురమన్నాయి. ఒకటి పలికింది.

ఎలీషమ్మ మొదటి షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి ఆయన టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎలీషేనా?"

"నేనే నాయినా. బువ్వ తిన్నవా?"

"బువ్వ సంగతి తర్వాత. గిట్ల కూసో."

వెనక్కి తిప్పి మీట నొక్కాడు. గిటారు, గొంతు. ఎలీషమ్మ యూనిఫాం చొక్కా కూడా మార్చకుండా గోడకానుకుని నిలబడిపోయింది. రీలు అయిపోయే చోటు రాగానే ప్రభుదాసు చూపుడువేలు పైకెత్తాడు. డ్రమ్ములు పడ్డాయి. వేలు గాల్లోనే ఉంది.

"బంద్ జెయ్యాల్నా నాయినా?"

"నోర్ముయ్. నడవనియ్."

పాట చివరిదాకా నడిచింది. ఆయన మీట నొక్కి ఆపాడు.

"ఎన్నొద్దుల సంది ఉన్నది గిది నీ తాన?"

"నౌకరీల జేరిన కొత్తల సంది."

"గన్నేండ్లా! నా పాట సగం డబ్బల పెట్టుకొని, నన్ను సగం పాటతోటి ఊరేగనిచ్చినవా?"

"నీ పానం నొత్తదని చెప్పలే. వాళ్లు దేవుని మనుషులు గాదు నాయినా."

"గది డప్పు కొట్టంగనే ఎరుకైంది. గట్ల కొట్టెటోడు పాస్టరెట్లయితడు?" అన్నాడు. మళ్లీ గొంతు తగ్గించి, "పానం నొచ్చుడేంది బిడ్డా! గాడ ఆగుతాంటె, దీని ఎనుక ఇంకేమో ఉండాలె, ఉండాలె అని కొట్టుకునేటోణ్ని. అందరు ఆమేన్ అంటాంటె నాకు గొంతుల ముల్లిరికినట్టుండేది. మీ అమ్మ మట్టికాడ గూడ గట్లనే ఉండె. ఎవలికి చెప్పుకోను?" అన్నాడు.

ఆమె వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"నేను రాసిన మాటలు మరి? గవి ఉత్తయేనా?"

"గవి నీయే. వాళ్లు గని కాడికెళ్లి ఇంటికి నడుస్తుండ్రు. నువ్వు దేవుని కాడికి నడిచినవు."

ఆయన టేపురికార్డరు మీది జాలీ తడిమాడు. "అయ్యగారు కాలవెట్టమన్నది గీళ్లనేనా?"

"గీళ్లనే."

"గీళ్లను కాలవెట్టనన్నందుకేనా నిన్నాపింది? నేను గూడ పక్కన కూసోని, అయ్యగారు చెప్పినట్టిను అంటి." కట్టు మీద చేయి పెట్టుకున్నాడు. "మొదటిది తీసుకరా. మొదటి సంది విందాం. సౌండు పెంచు. ఎవలన్న వత్తె రానియ్."

ఆ నెలంతా ఆ ఇంటి కిటికీలు మూయలేదు. తండ్రీకూతుళ్లు ఒకటి నుంచి వరుసగా విన్నారు. పిల్లనగ్రోవి ఉన్న మొదటిదాన్ని విని, "పోరగాండ్లు మంచోళ్లే, ఇంకా పచ్చిగున్నరు" అన్నాడు. ఎర్రలారీకి మంచం పట్టె మీద తాళమేశాడు. మిషను డ్రమ్ములదానికి మాత్రం చేతులు జోడించాడు.

"గిది తీసెయ్ బిడ్డా. మన క్వయిర్ నయం."

"తియ్యద్దు నాయినా. గిది దాటితెనే తర్వాతది."

"శిక్షనా గిది?"

"అనుకో."

ఇద్దరూ నవ్వుకున్నారు. అన్నిటికన్నా చివరిది అప్పుడే వచ్చిన సీడీ నుంచి కొట్టాయన క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. జర్మనోళ్లకు జుట్టు పోయింది, గొంతు గరుకైంది. పాత గిటార్లు మళ్లీ బయటికి తీశారు. ప్రభుదాసు దాన్ని రెండుసార్లు పెట్టమన్నాడు.

కట్టు విప్పిన తర్వాతి బల్ల ఆదివారం, సాక్ష్యాల సమయంలో ఆయన లేచాడు. నేను మూడో వరుసలో ఉన్నాను. కంటి ఆపరేషన్ గురించి దేవునికి కృతజ్ఞతలు చెబుతాడనుకున్నాం. చెప్పాడు కూడా. ఆ తర్వాత, "రాళ్లదారి పాట మీద జర్మనీ భక్తిగీతమని రాయించింది నేనే. అది తప్పు" అన్నాడు. "అది భక్తిగీతం గాదు. నా బిడ్డె వినే బ్యాండోళ్ల పాట. అయ్యగారు కాలవెట్టమన్న క్యాసెట్లల్లదే. నాకు ఎరుకలేక మీ అందరితోటి పాడిపిచ్చిన. ఎరుకైనంక గూడ నాకు గా పాట చెడ్డగ అనిపిస్తలేదు. నా బిడ్డెకు ముందే ఎరుక. ఒక్క మాటంటె తనను ఆపకపోదురు. నా పాటను ఆపుతరని నోరు ఇప్పలే. గందుకే చెప్తున్న. అది పాపమైతె పాడినోళ్లందరిని ఆపుండ్రి. మొదలు నన్నాపుండ్రి."

ఆశీర్వాదం గారి ముఖం ఎర్రబడింది. "ప్రభుదాసు గారూ, ఇది పెద్దలతో మాట్లాడాల్సిన విషయం. ఇక్కడ కాదు" అన్నారు.

"ఈడనే పాడినం గదయ్యగారూ, ఈడనే మాట్లాడాలె."

ఎలీషమ్మ తల దించుకోలేదు. తండ్రి వైపు చూసింది. ఆ చూపులో కోపమూ ఉంది. ఇన్నేళ్లు ఆమె కాపాడినదాన్ని ఆయన ఒక్క నిమిషంలో నడిమధ్యన పెట్టేశాడు.

ఆ సాయంత్రమే పెద్దలు కూర్చున్నారు. పాటను పుస్తకంలోంచి తీసేయాలని ఒకరన్నారు. కబురందుకుని సిద్దమ్మ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పెద్దల సమావేశానికి పిలవనివాళ్లు రాకూడదు. వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"నా మొగన్ని గా పాటతోనే పండవెట్టినం. నన్ను గూడ గా పాటతోనే పండవెట్టాలె. వేరే పాట పాడితె నేను లేసి కూసుంట. గంతే."

పాట తీసేస్తే అప్పటిదాకా మట్టి చేసిన వాళ్లందరి సంగతేమిటని ఇంకొకాయన అడిగాడు. చివరికి పాట ఉంటుందనీ, పైన రాగం గురించి రాసిన మాట తీసేయాలనీ తేల్చారు. ప్రభుదాసుకు తెలియక జరిగింది కాబట్టి ఆయన బల్ల తీసుకోవచ్చు. ఎలీషమ్మ తెలిసి దాచింది, పైగా క్యాసెట్లు కాల్చలేదు కాబట్టి, ఆమె సంగతి అలాగే ఉంటుంది.

కబురు చెప్పడానికి ఆశీర్వాదం గారే వచ్చారు. ప్రభుదాసు విన్నాడు.

"నా పాట మంచిదని ఉంచుకున్నరు, నా బిడ్డె చెడ్డదని ఆపిండ్రు. రెండు ఒక్క డబ్బల్లనే ఉండె గదా అయ్యగారూ!"

ఆశీర్వాదం గారు లేచారు. వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, "అమ్మా, ఆ పాట మిగతాది... ఎలా ఉంటది?" అని అడిగారు.

"పెట్టాల్నా?" అంది ఎలీషమ్మ.

ఆయన టేపురికార్డరు వైపు చూసి, వద్దన్నట్టు చేయి ఊపి వెళ్లిపోయారు.

తర్వాతి బల్లకు ప్రభుదాసు వెళ్లి రెండో వరుసలో కూతురి పక్కన కూర్చున్నాడు. మా చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. ఆయన ఎడమవైపు కూర్చున్నాడు. పళ్లెం ఎలీషమ్మ చేతికి వచ్చింది. ఆమె తీసుకోకుండా తండ్రికిచ్చింది. ఆయన తీసుకోకుండా సిద్దమ్మ అవ్వకిచ్చాడు. తన చేతులతో వడకట్టిన రసం ట్రే కూడా అలాగే దాటిపోయింది. అవ్వ మాత్రం తీసుకుంది. "నేను జల్దీ పోయెటిదాన్ని. నాకు తప్పది" అంది గట్టిగా. చనిపోయేదాకా ఆయన ప్రతి నెలా అలాగే చేశాడు.

రెండువేల ఎనిమిది మార్చిలో ప్రభుదాసు పోయాడు. అవ్వ కన్నా ముందే పోయాడు. ఆ ఏడాది ద్రాక్షలు ఉడికించి, సీసాలు నింపి, అన్నిటికీ బిరడాలు పెట్టాకే పోయాడు. మట్టికి జనం బాగా వచ్చారు. డిపో నుంచి జనార్ధన్, ఇంకా చాలామంది యూనిఫాంలతోనే వచ్చారు. ఆశీర్వాదం గారు వాక్యం చదివారు. పెట్టె దించేముందు పాట ఎత్తుకోవాలి. ఎలీషమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"పాట పాడుండ్రి" అంది. "ఆమేన్ మాత్రం అనకుండ్రి. మా నాయినకు అది ఇష్టముండకపోయేది. పాట గాడ అయిపోలే."

కొందరు పాస్టరుగారి వైపు చూశారు. ఆయన పుస్తకం మూసి, తనే పాట ఎత్తుకున్నారు.

రాళ్లదారిన నడిచొచ్చిన నా కాళ్లు. ఎన్నో మట్టిల్లో పాడిన పాట, గొంతులన్నిటికీ అలవాటైన పాట. చివరి చరణం ఎక్కింది. ఇంకా ఎక్కింది. పైమెట్టుకు ముందు ఆగింది. సిద్దమ్మ అవ్వ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. పక్కామె అవ్వ భుజం మీద చేయి వేసింది. అవ్వ నోరు మూసుకుంది. ఇంతమంది నిలబడి, దించకుండా వదిలేసిన ఆ స్వరం వెనక, హైవే మీద లారీల మోత ఒక్కటే వినిపించింది. జనార్ధన్ మెల్లగా తన తొడ మీద వేళ్లతో దరువు మొదలుపెట్టాడు. మిగతా సగం తెలిసినవాళ్లలో అక్కడ బతికున్నది అతనూ ఎలీషమ్మా ఇద్దరే.

ఎలీషమ్మ వంగి మొదటి పిడికెడు మట్టి తీసుకుంది.